రుద్దేసిన నలభై ఒకటి

మాస్టారు పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఆయన కొలతల గదిలో పనిచేసిన వాళ్ళలో ఇప్పటికి మిగిలింది మా అన్నయ్య, నేను. మా ఇద్దరిలో ఆయన దయ్యం పట్టింది నాకొక్కదానికే అని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది తప్పని తెలుసుకోవడానికి నాకు అరవై నాలుగేళ్ళు నిండాల్సి వచ్చింది.

దయ్యమంటే కాళ్ళు వెనక్కి తిరిగి ఉండే రకం కాదు. ఒక్క మాట, అంతే. "మళ్ళీ." తాళం వేసి మెట్లు దిగుతుంటే వినిపిస్తుంది. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చోగానే వినిపిస్తుంది. మందుబిళ్ళ మింగాక, అది ఏ బిళ్ళో సీసా మీద చదివిన తర్వాత కూడా వినిపిస్తుంది. నేను లేచి వెళ్ళి మళ్ళీ చూస్తాను. అంతా సవ్యంగానే ఉంటుంది. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒంటరిగా బతికే ఆడదానికి ఆ మాత్రం చాదస్తం ఉండడం వింత కాదని మా వదిన తీర్పు చెప్పేసింది. వదిన తీర్పుకి పైకోర్టు లేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. పరిశోధనశాల కొత్త డైరెక్టరు. మాస్టారి శిష్యుడి దగ్గర చదువుకున్న అమ్మాయి. నేను రిటైరయ్యాక వచ్చింది కాబట్టి ముఖపరిచయం లేదు.

"అమ్మా, పాత కొలతల పుస్తకాల గురించి మీతో మాట్లాడాలి. ఒకసారి రాగలరా? కారు పంపిస్తాను" అంది.

"పుస్తకాల్లో ఏముందమ్మా, అన్నీ అచ్చయినవేగా" అన్నాను.

"అచ్చు కానివి కూడా ఉన్నాయి" అంది.

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఎందుకు ఒప్పుకున్నానో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మాస్టారంటే బడి పంతులు కాదు. ఆయన పేరు మీద ఒక సూత్రం ఉంది. భౌతికశాస్త్రం చదివిన పిల్లలందరూ పరీక్ష ముందు రోజు ఆయన్ని ఒకసారైనా తిట్టుకునే ఉంటారు. ఒక నక్షత్రం తన బరువుకి తానే ఎంతవరకు కుంచించుకుపోగలదో ఆయన లెక్క కట్టారు. ఆ హద్దు దాటి ఏ నక్షత్రమూ కుంచించుకోజాలదన్నారు. నక్షత్రం ఎంత కుంచించుకుంటే దాని వెలుగులో కనిపించే సన్నని నల్లగీతలు అంతగా ఎరుపు వైపు జరుగుతాయట. కాబట్టి ఆ గీత ఎంత జరిగిందో కొలిస్తే మాస్టారి మాట నిజమో కాదో తేలిపోతుంది. కొలవడం మా పని.

దూరదర్శిని దగ్గరి వాళ్ళు ఆ వెలుగుని గాజు పలకల మీద ఫొటో తీసి పంపేవాళ్ళు. మేము పగటిపూట, నల్లటి తెరలు దించిన గదిలో కూర్చుని వాటిని కొలిచేవాళ్ళం. బల్లకి ఇద్దరు. ఒకరు చదివేవాళ్ళు, ఒకరు రాసేవాళ్ళు. చదివే మనిషి మైక్రోస్కోపులో కన్ను పెట్టి, పక్కనున్న మర తిప్పుతూ వెంట్రుకంత సన్నని తీగని నల్లగీత మీదికి తీసుకొస్తాడు. అప్పుడు డయలు ఎంత చూపిస్తే అంత పైకి అంటాడు. రాసే మనిషి వెనక కూర్చుని, గుడ్డ కప్పిన చిన్న దీపం కింద ఆ అంకె రాసుకుంటుంది. దీపం వెలుగు కంట్లో పడకూడదు గనుక చదివే మనిషి వీపు ఎప్పుడూ మా వైపే ఉండేది. మా బల్ల దగ్గర చదివేది అన్నయ్య. రాసేది నేను. ఆయన ముప్ఫై ఏళ్ళ వాడు, నేను ఇరవై రెండేళ్ళ దాన్ని. మూడేళ్ళ పాటు అన్నయ్య ముఖం కంటే వీపే నాకు ఎక్కువ పరిచయం.

మాస్టారికి రెండు పట్టింపులుండేవి. మొదటిది పేజీలో కొట్టివేత కనిపించకూడదు. కొట్టేసిన అంకె చూస్తే చూసేవాడి మనసులో అనుమానం నాటుకుంటుందని ఆయన అనేవారు. అందుకే పెన్ను ముట్టనిచ్చేవారు కాదు. గట్టి ములికి పెన్సిలు, తెల్ల రబ్బరు. అంకె తప్పని తేలితే శుభ్రంగా రుద్దేసి దాని మీదే సరైనది రాయాలి.

రెండోది చీటీ. ప్రతి పలకకీ గీత ఎంత జరగాలో సూత్రం ప్రకారం లెక్కకట్టి, ఆ అంకెని చిన్న చీటీ మీద రాసి రాసేవాళ్ళకి ఇచ్చేవారు. మేము దాన్ని దీపం గుడ్డకి గుండుసూదితో గుచ్చుకునేవాళ్ళం. దురుద్దేశం ఏమీ లేదు. అలసిపోయిన మనిషి ముప్ఫై రెండుని ఇరవై మూడు అనేస్తాడు, అలాంటివి పట్టుకోవడానికే. చీటీకి మరీ దూరంగా ఉన్న అంకె వస్తే "మళ్ళీ" అనాలి. చదివే మనిషి మళ్ళీ చూస్తాడు. చీటీ సంగతి చదివేవాళ్ళకి చెప్పకూడదు. చెబితే కన్ను దానివైపే పోతుందని మాస్టారి భయం. చూడండి ఎంత జాగ్రత్త! చూసే కన్నుకి గంతలు కట్టి, రాసే చేతికి దారి చూపించారు.

ఒక ఏడాది చిన్న తెల్ల నక్షత్రం ఒకదాని పలకలు వచ్చాయి. మాస్టారి సూత్రానికి అదే అసలు పరీక్ష అన్నారు. దేశదేశాల వాళ్ళు ఎదురుచూస్తున్నారన్నారు. గదిలో దగ్గడానికి కూడా భయపడ్డాం. నా చీటీ మీద ఇరవై ఏడు అని ఉంది.

అన్నయ్య మర తిప్పాడు. "నలభై ఒకటి" అన్నాడు.

రాశాను. చీటీ వైపు చూశాను. "మళ్ళీ" అన్నాను.

"నలభై ఒకటి."

"మళ్ళీ చూడన్నయ్యా."

ఆయన కన్ను తీసి, చేతి రుమాలుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు. "ముప్ఫై ఎనిమిది."

"మళ్ళీ."

"ముప్ఫై మూడా? ముప్ఫై మూడు అనుకుంటా."

"మళ్ళీ."

"ఇరవై తొమ్మిది" అన్నాడు చివరికి. నేనేమీ అనలేదు. ఊరుకుంటే సరిపోయిందని అర్థం. ఆయన వీపు వదులైంది. నేను నలభై ఒకటిని రుద్దేసి దాని మీద ఇరవై తొమ్మిది వేశాను. రబ్బరు పొడి నోటితో ఊదేశాను. ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

అన్నయ్యకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని నమ్మేవాళ్ళు తక్కువ. పక్క బల్లల వాళ్ళకి ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది వస్తున్నాయి. మా బల్లకి నలభై ఒకటి వస్తే మాస్టారు ఏమంటారు? ఇంట్లో అప్పుడే వదిన నెలలు నిండి ఉంది. అందుకని ఆ నక్షత్రానికి వచ్చిన నలభై పలకలకీ అదే చేశాను. ఆయన నలభై అన్నా, నలభై రెండు అన్నా "మళ్ళీ" అన్నాను. ఇరవైల్లోకి దిగితే నోరు మూసుకున్నాను. ఇరవై ఏడుకి దగ్గరగా వచ్చిన అంకెని మాత్రం మళ్ళీ చూడమని ఒక్కరోజు కూడా అనలేదు. అది తప్పై ఉండొచ్చని ఎవరికైనా ఎందుకు తడుతుంది?

ఆ ఏడాది మాస్టారి సూత్రం రుజువైందని పేపర్లన్నీ రాశాయి. గదిలో అందరికీ మిఠాయిలు పంచారు. అన్నయ్య తన మిఠాయి నాకిచ్చేశాడు.

"ఏం బుల్లీ, నాకు మొదటిసారి ఏదీ సరిగ్గా కనపడటం లేదే" అన్నాడు. "నువ్వు మళ్ళీ అనకపోతే నా గతేమిటి?"

ఆ రోజు చీటీ గురించి చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. నియమం గుర్తొచ్చి మింగేశాను.

ఆ తర్వాత ఆయన ప్రతి పలకకీ పది నిమిషాలు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఒక అంకె చెప్పి నా కోసం ఆగేవాడు. నేనేమీ అనకపోయినా తనే "ఆగు, మళ్ళీ చూస్తా" అనేవాడు. పని వెనకబడింది. ఒకరోజు మాస్టారు స్వయంగా వచ్చి ఆయన భుజం మీద చేయి వేసి, "కళ్ళు అలసిపోయినట్టున్నాయి నాయనా. కళ్ళ పని మానేసి ఇంకేదైనా చూసుకో" అన్నారు. ఎంతో మెత్తగా అన్నారు. ఆయన ఒక్క అంకె మార్చమని ఎవరినీ ఏనాడూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా మేమే చేసిపెట్టాం.

అన్నయ్య సీటు ఖాళీ అయింది. అందులో నన్ను కూర్చోబెట్టారు. ఏ పలకకి ఎంత రావాలో నాకు అప్పటికే కంఠతా వచ్చు. నేను చూడటం మొదలుపెట్టిన రోజు నుంచి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు. "బంగారం లాంటి కన్ను" అని మాస్టారు మెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ సీట్లో కూర్చుని రిటైరయ్యాను.

అన్నయ్య సబ్బుల కార్ఖానాలో చేరాడు. సబ్బులకి కాగితం చుట్టి పెట్టెల్లో పేర్చే పని. దానికి కళ్ళు అక్కర్లేదని ఆయనే నవ్వేవాడు. ఇంట్లో పిల్లకి జ్వరమొస్తే థర్మామీటరు వదినకి ఇచ్చి, ఆమె చదివాక "మళ్ళీ చూడు" అనేవాడు. రోడ్డు దాటాలంటే ఖాళీ రోడ్డు వైపు అటూ ఇటూ చూసి, పక్కనున్న మనిషిని "ఏమీ రావట్లేదు కదండీ?" అని అడిగేవాడు. కార్ఖానాలో ఆయనకి దొరికిన ఒకే ఒక్క స్నేహితుడు బాయిలరు మేస్త్రి. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఒకరి మీద ఒకరు జోకులేసుకునేవాళ్ళు. ఒకరోజు ఆ బాయిలరు పేలింది. మేస్త్రి పోయాడు. అన్నయ్య నాలుగు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు, కార్ఖానా వైపు మళ్ళీ పోలేదు. స్నేహితుడు పోయిన దుఃఖమని అందరం అనుకున్నాం. ఇప్పుడు ఆయనకి డెబ్బై రెండు. నీటికాసుల జబ్బు వల్ల చూపు నిజంగానే పోయింది. వెలుగూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుంది.

డైరెక్టరు పంపిన కారులో వెళ్ళాను. కొలతల గది అలాగే ఉంది. బల్లలు తీసేశారు కానీ నేల మీద వాటి కాళ్ళ గుర్తులున్నాయి. గోడ మీద మాస్టారి ఫొటో. దాని కింద నిలబడగానే అలవాటు కొద్దీ కొంగు సర్దుకున్నాను. ఆ అమ్మాయి నాకు కుర్చీ వేసి, ఎదురుగా కూర్చుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. గోళ్ళు కొరికే అలవాటున్నట్టుంది.

"పోయినేడు ఆకాశంలోకి పంపిన కొత్త దూరదర్శినితో ఆ తెల్ల నక్షత్రాన్ని చూశామమ్మా. గాలి అడ్డు లేకుండా, యంత్రమే కొలిచింది. జరిగింది ఇరవై ఏడు కాదు. మీ పాత డయలు లెక్కలో చెప్పాలంటే నలభై ఒకటి" అంది.

నేను గోడ మీది ఫొటో వైపు చూశాను.

"అంటే మాస్టారు పెట్టిన హద్దు కంటే నక్షత్రాలు చాలా ఎక్కువ కుంచించుకోగలవన్నమాట. మామూలు నక్షత్రాల విషయంలో ఆయన సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. చిన్నగా, బాగా బరువుగా ఉన్న వాటి దగ్గరే చెల్లదు. సవరించాం. పాఠ్యపుస్తకాలు కూడా మారతాయి."

"మరి ఇంతకాలం అందరికీ ఇరవై ఏడే ఎలా వచ్చింది?" అన్నాను. ఏమీ తెలియనట్టు అడిగిన నా గొంతు మీద నాకే అసహ్యమేసింది.

"అదే నా ప్రశ్న కూడా. ఆ తర్వాత వేరే చోట్ల కొలిచిన వాళ్ళు కూడా కొన్నేళ్ళకి ఒకటి, రెండు చొప్పున భయపడుతూ పెంచుకుంటూ వచ్చారు. ఇరవై ఏడు, ముప్ఫై, ముప్ఫై రెండు. ఒకేసారి నలభై ఒకటి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మాస్టారంటే అంత భయం, ఆయన పోయాక కూడా." లేచి బీరువాలోంచి ఒక పుస్తకం తీసింది. అట్ట మీద నా రాత. "ఇది చూడండి" అంటూ కిటికీ తెర దించి, చేతిదీపం పేజీకి పక్కగా, దాదాపు బల్లకి ఆనించి పట్టుకుంది.

ఇరవై తొమ్మిది కింద నలభై ఒకటి లేచింది. దాని కింది గడిలో ఇరవై ఆరు వెనక నలభై. తర్వాత నలభై రెండు. పేజీ పొడుగునా గట్టి ములికి చేసిన గాట్లు. రబ్బరు పెన్సిలు నలుపునే తుడిచింది. గాటు అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్ళు ఆ అంకెలు చీకట్లో, ఒకదాని మీద ఒకటి పడుకుని నాకోసం కాచుక్కూర్చున్నాయి. నా చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

"ఆ నక్షత్రం మారిందా, మనమే తప్పుగా కొలిచామా అనేది తేలాలి" అంది ఆ అమ్మాయి. "గాజు పలకలు బూజుపట్టి పాడైపోయాయి. మిగిలింది ఇవే. ఈ రుద్దేసిన అంకెలు నిజంగా చదివినవా, రాతలో దొర్లిన పొరపాట్లా? చదివినాయనా, రాసినావిడా సంతకం పెట్టి చెప్పాలి. చెబితే ఆ నక్షత్రాన్ని మొట్టమొదట సరిగ్గా కొలిచింది ఆయనే అని రాస్తాను."

"ఆయనకి చీటీ సంగతి తెలియదు" అన్నాను.

"ఏ చీటీ?"

చెప్పాను. మొత్తం. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. అందుకు ఇప్పటికీ ఆమె మీద నాకు కాస్త కోపంగానే ఉంది. పుస్తకం సంచిలో పెట్టి నా చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున అన్నయ్య ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. మెట్లెక్కుతుంటే సంచీ ఇటుకల మూటలా బరువనిపించింది. అసలు చెప్పడమెందుకు, నేనొక్కదాన్నే సంతకం పెట్టి ఊరుకుంటే ఏం, అని ప్రతి మలుపులోనూ అనుకున్నాను. కానీ ఆయనకి మిగిలిన రోజులెన్ని? తన కళ్ళు తనని మోసం చేశాయన్న నమ్మకంతోనే పోనివ్వడానికి మనసొప్పలేదు. ఇచ్చేయాలి. నేను తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. ఆ మెట్ల మీద నాకు ఉన్న ఆలోచన అదొక్కటే.

వదిన తలుపు తీసింది. "ఏమండీ, మీ చెల్లెలొచ్చింది. ఇంటికి తాళం వేసే వచ్చిందేమో కనుక్కోండి" అని లోపలికి కేకేసింది.

అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ముఖం ఎండ వైపు. "రావే బుల్లీ. చేతిలో ఏమిటది, కాగితం వాసనొస్తోంది?"

పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. పేజీ తీసి, ఆయన చూపుడువేలు పట్టుకుని మొదటి గడి మీద ఆనించాను. ఆయన గోటితో మెల్లగా తడిమాడు. సబ్బు కాగితాలు మడిచిన వేళ్ళు ఇంకా నాజూగ్గానే ఉన్నాయి.

"గాట్లున్నాయే. రెండంకెలు ఒకదాని మీద ఒకటి. పైది ఇరవై తొమ్మిది. కిందది, ఉండు, నాలుగు. పక్కన నిలువుగీత. నలభై ఒకటి." ఆగాడు. "ఇది మన పుస్తకం."

"అవునన్నయ్యా."

చెప్పాను. దీపం గుడ్డకి గుచ్చిన చీటీ. ఇరవై ఏడు. ఆయన వీపు. నా రబ్బరు. కొత్త దూరదర్శినికి ఎంత వచ్చిందో కూడా చెప్పాను. వదిన గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అంటే, నేను మొదట చెప్పినవన్నీ?" అన్నాడు అన్నయ్య.

"సరైనవే. నలభై పలకలకీ. ఒక్కటి కూడా తప్పు కాదు. నీ కళ్ళకి ఏ దోషమూ లేదు. దోషం నాది."

ఆయన ముఖం మీదికి నవ్వు వచ్చింది. నలభై ఏళ్ళుగా నేను చూడని నవ్వు. "విన్నావా?" అన్నాడు వదిన వైపు తిరిగి. "ఏమే, విన్నావా? ప్రపంచంలో ఎవరికీ కనపడనిది నాకు కనపడింది! మాస్టారికంటే ముందు!"

"వింటూనే ఉన్నా. ఇన్నాళ్ళూ రోజుకి పదిసార్లు నా చేత గ్యాసు చూపించారు కదండీ" అంటూ వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది. నా వైపు చూసింది. ఆ చూపులో నాకు రావాల్సిందంతా ఉంది.

అన్నయ్య ఇంకా నవ్వుతూనే గడి మీద గడి తడుముతున్నాడు. "నలభై. నలభై రెండు. నలభై ఒకటి. చూడు, ఎంత తేటగా చూశానో. మొదటిసారే చూశాను. తర్వాత నువ్వు మళ్ళీ మళ్ళీ అంటుంటే తీగ దానంతటదే జరిగినట్టుండేది. నిజంగా జరిగినట్టే కనపడేది తెలుసా? మూడోసారో నాలుగోసారో చూస్తే..."

ఆగిపోయాడు. వేలు పేజీ మీదే ఉంది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది కానీ దాని వెనక ఎవరూ లేరు.

"ఏమైందన్నయ్యా?"

కింద వీధిలో ఎవరో దుకాణం షట్టరు పైకి లేపారు. ఆ మోతకి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఆ రోజు నేను బాయిలరు గది ముందు నుంచే వెళ్ళాను" అన్నాడు. "తలుపుకి అద్దం ఉండేది. లోపల ఆవిరి ఒత్తిడి చూపే గేజి కనపడేది. ముల్లు ఎర్రగీత దాటి ఉంది."

వదిన గరిటె బల్ల మీద పెట్టేసింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే" అంది.

"చెప్పడానికేముంది? నా కళ్ళే అనుకున్నాను. తుడుచుకుని మళ్ళీ చూశాను. దాటే ఉంది. మళ్ళీ చూశాను. గీత మీద ఉన్నట్టనిపించింది. ఇంకోసారి చూస్తే గీతకి ఇవతలే ఉంది. హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయాను. వాడు లోపల నాకు వీపు పెట్టి నిలబడి ఏదో పాట పాడుకుంటున్నాడు. పిలిస్తే పలికేంత దూరం. పిలిచి, పొట్టోడా, గేజి చూసుకోరా అంటే సరిపోయేది. నా గుడ్డికళ్ళని చూసి నవ్వుతాడని ఊరుకున్నాను." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఇన్నేళ్ళూ ఒక్కటే చెప్పుకున్నాను బుల్లీ. నాకు చూపు తిన్నగా లేదు, నేను చూసిందానికి విలువ లేదు, ముల్లు ఇవతలే ఉండుంటుంది, తర్వాత ఏదో జరిగుంటుంది అని. దాని మీదే నిద్రపోయాను."

నాకు అప్పుడర్థమైంది నేనేం మోసుకొచ్చానో. ఆయన కళ్ళు మంచివైతే ఆ గేజి కూడా నిజమే. మొదటిసారి చూసిందే నిజం. నేను తీసుకున్నది తిరిగి ఇస్తున్నాననుకున్నాను. దాని అడుగున ఇంకో మనిషి ఉన్నాడని నాకు తెలియదు. రబ్బరు పెట్టి నేను రుద్దింది నలభై అంకెలు అనుకున్నాను, అందులో పాట పాడుకుంటున్న పొట్టివాడు కూడా ఉన్నాడు.

అన్నయ్య పుస్తకం నా వైపు తోశాడు. మోకాళ్ళ చివరి దాకా జరిపి, ఆ చేత్తోనే నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు.

"మళ్ళీ చూడవే" అన్నాడు. నలభై ఏళ్ళుగా నన్ను వెంటాడుతున్న మాట మొదటిసారి ఆయన నాకు తిప్పి చెప్పాడు. "వేలికి ఏం తెలుస్తుంది, నీకు కళ్ళున్నాయి. సరిగ్గా చూడు. అది ఇరవై ఏడేమో. నువ్వు ముందు ఇరవై ఏడే రాసి, తర్వాత ఏదో గీకావేమో. చూడు బుల్లీ, నీకు పుణ్యముంటుంది."

వదిన నన్నే చూస్తోంది. చెప్పెయ్ అన్నట్టు తల చిన్నగా ఊపింది. ఒక్క మాట. ఇరవై ఏడే అన్నయ్యా, నాదే పొరపాటు, అంటే చాలు. సంచిలో ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం ఉంది, దాని మీద సంతకం పెట్టనని ఫోను చేస్తే చాలు. మాస్టారికి పోయేదేమీ లేదు, ఎలాగూ సవరించేశారు. అన్నయ్య మళ్ళీ తన గుడ్డితనంలోకి వెళ్ళి హాయిగా కూర్చుంటాడు. ఇంతకుముందు కూడా నేను చేసింది ప్రేమతోనే కదా.

పుస్తకం ఎత్తి కిటికీ అంచుకి పెట్టాను. ఎండ పక్కవాటంగా పడేలా వంచాను. కళ్ళద్దాలు తుడుచుకుని, ఆయన అడిగినట్టే మళ్ళీ చూశాను. ఆయన వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకుని ఎదురుచూస్తున్నాయి.

"నలభై ఒకటే అన్నయ్యా" అన్నాను.